లైకెన్‌లోని కొవ్వు ఎవరిది?

ఒక లైకెన్ ముక్కను ఎండబెట్టి, మెత్తగా నూరి, క్లోరోఫామ్, మిథనాల్ కలిపిన ద్రావణంలో నానబెడితే అందులోని లిపిడ్‌లు, అంటే కొవ్వులూ వాటి చుట్టాలూ, చాలావరకు బయటికి వచ్చేస్తాయి. వాటిని విడదీసి ఒక్కొక్కదాని పేరు రాసుకుంటూ పోదాం. ముందు ఎర్గోస్టెరాల్ కనిపిస్తుంది. అది శిలీంధ్రాల త్వచాల్లో, అంటే కణాల పలచని పొరల్లో ఉండే స్టెరాల్, కొలెస్టరాల్ లాంటి లిపిడ్. దాని తర్వాత గెలాక్టోజ్ తగిలించుకున్న లిపిడ్‌లు వస్తాయి. అవి ఆకుల్లోనూ శైవలాల్లోనూ ఉండాల్సినవి. ఇంకాస్త వెతికితే కొమ్మలున్న కొవ్వు ఆమ్లాలు కొద్దికొద్దిగా తగులుతాయి. బ్యాక్టీరియా ఉందనడానికి అవి గుర్తు. చెట్టు బెరడు మీంచి గీకి తెచ్చింది చూడ్డానికి ఒకే జీవి. మరి అందులో ఇన్ని వంశాల కొవ్వు ఎక్కడిది?

లైకెన్ మనకు కొత్తదేం కాదు. బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వు లైకెనే. పార్మోట్రీమా, దాని దగ్గరి చుట్టాల ఎండు రేకులనే ఆ పేరుతో అమ్ముతారు. ఆ రేకు దేహం దాదాపు అంతా శిలీంధ్రమే. పై పొర కిందుగా ట్రెబౌక్సియా అనే ఏకకణ ఆకుపచ్చ శైవలం పలచని పొరగా ఉంటుంది. ఇలా లైకెన్‌లో రెండు వేర్వేరు జీవులున్నాయని 1867లో స్విస్ వృక్షశాస్త్రవేత్త సైమన్ ష్వెండెనర్ చెప్పినప్పుడు, ఆనాటి లైకెన్ నిపుణుల్లో పెద్దపెద్దవాళ్లే కొట్టిపారేశారు. ఇప్పుడది బడి పాఠం. దాదాపు 20 వేల లైకెన్ జాతుల్లో పదింట తొమ్మిది వంతులకు తోడు ఆకుపచ్చ శైవలం. మిగిలినవాటిలో నాస్టాక్ లాంటి సయనోబ్యాక్టీరియా, అంటే కిరణజన్య సంయోగక్రియ చేసే నీలి ఆకుపచ్చ బ్యాక్టీరియా ఉంటుంది. కొన్నిట్లో రెండూ ఉంటాయి.

లిపిడ్‌ల దగ్గరికి వచ్చేసరికి ఈ పాఠం నుంచి రెండు ప్రశ్నలు పుడతాయి. అవి ఒకేలా వినిపిస్తాయి గానీ ఒకటి కాదు. మొదటిది: లైకెన్‌లో దొరికిన లిపిడ్‌లలో ఏది ఎవరు తయారుచేసింది? రెండోది: శైవలం తోడుగా ఉండటం వల్ల శిలీంధ్రం తన సొంత లిపిడ్‌లను మార్చుకుంటుందా? మొదటిది లెక్క తేల్చే పని. రెండోది ప్రభావాన్ని పట్టుకునే పని. లైకెన్ రసాయనశాస్త్రం మీద వచ్చే రాతల్లో మొదటిదానికి దొరికిన జవాబును రెండోదానికి జవాబుగా చెప్పేయడం మామూలైపోయింది. అసలు చిక్కంతా అక్కడే.

లెక్క తేల్చే పని కొంతవరకు సులువు. స్టెరాల్‌లనే తీసుకుందాం. గోడల మీద, చెట్ల మీద పసుపు, నారింజ రంగుల్లో పెరిగే క్సాంథోరియా పరైటినా అనే లైకెన్ యూరప్‌లో ఎక్కడ చూసినా ఉంటుంది. అందులోని శిలీంధ్రాన్నీ శైవలాన్నీ విడదీసి, వేర్వేరుగా పెంచి, ఏది ఏ స్టెరాల్ చేస్తుందో 1973లో ఇంగ్లండ్ పరిశోధకులు ప్రకటించారు. శిలీంధ్రం వైపు ఎర్గోస్టెరాల్, లైకెస్టెరాల్ కనిపించాయి. శైవలం వైపు పోరిఫెరాస్టెరాల్, క్లియోనాస్టెరాల్ ఉన్నాయి. అంటే స్టెరాల్‌ల వరకు ఇద్దరికీ దాదాపు విడివిడి ఖాతాలే. ఇది పరిశోధకులకు ఎంత అక్కరకొచ్చిందంటే, లైకెన్ ముక్కలో సజీవ శిలీంధ్రం ఎంతుందో అంచనా వేయడానికి ఎర్గోస్టెరాల్‌నూ, శైవలం వాటాకు పత్రహరితాన్నీ కొలవడం ఒక పద్ధతిగా స్థిరపడింది. నాస్టాక్ లాంటి సయనోబ్యాక్టీరియా మామూలుగా స్టెరాల్‌లు చేయవు. వాటికి బదులు హోపనాయిడ్‌లనే వేరే రకం అణువులుంటాయి. కాబట్టి తోడు ఆకుపచ్చదా, నీలి ఆకుపచ్చదా అన్నది స్టెరాల్ పట్టికలోనే కొంత తెలిసిపోతుంది.

త్వచాల లిపిడ్‌లలోనూ ఇలాంటి గుర్తులున్నాయి. కిరణజన్య సంయోగక్రియ జరిగే థైలకాయిడ్ త్వచాలు ప్రధానంగా గెలాక్టోలిపిడ్‌లతో కట్టినవి. శిలీంధ్రానికి థైలకాయిడ్‌లు లేవు కాబట్టి అవి దొరికితే శైవలానివో సయనోబ్యాక్టీరియావో అయి ఉండాలి. శిలీంధ్రం త్వచాల్లో ఎక్కువ వాటా ఫాస్ఫటిడిల్‌కోలిన్, ఫాస్ఫటిడిల్ ఇథనాలమీన్ అనే ఫాస్ఫరస్ ఉన్న లిపిడ్‌లది. వాటిలో పొదిగిన కొవ్వు ఆమ్లాల్లో పామిటిక్, ఓలియిక్, లినోలియిక్ ముందుంటాయి. ఆల్ఫా లినోలెనిక్ వాటా బాగా పెరిగిందంటే కిరణజన్య భాగస్వామి వైపు చూడాలి. ఇంకో చిన్న గుర్తుంది, నాకది భలే ఇష్టం. మొక్కల్లో, ఆకుపచ్చ శైవలాల్లో థైలకాయిడ్‌లలోని ఫాస్ఫటిడిల్‌గ్లిసరాల్ అనే లిపిడ్‌కు సాధారణంగా 16 కార్బన్‌లున్న ఒక ట్రాన్స్ కొవ్వు ఆమ్లం అతుక్కుని ఉంటుంది. సయనోబ్యాక్టీరియాలో ఇది ఉండదు. ప్రకృతిలో ట్రాన్స్ బంధం అరుదు కాబట్టి, ఈ ఒక్క అణువు కనిపిస్తే చాలు, లోపల ఆకుపచ్చ శైవలం ఉందని గట్టిగా అనుమానించవచ్చు.

ఇక్కడో మెలిక ఉంది. లైకెన్ బరువులో శైవలం వాటా చాలాసార్లు పదో వంతు లేదా కాస్త అటూఇటూ ఉంటుంది, మిగతాదంతా శిలీంధ్రమే. కానీ థైలకాయిడ్ త్వచాలు కణంలో దొంతరలు దొంతరలుగా ఇరుకుగా పేర్చి ఉంటాయి. బరువుతో పోలిస్తే శైవలం లిపిడ్ వాటా ఎక్కువగా కనిపించడానికి అదే కారణం. పైగా ఆ వాటా ఎప్పుడూ ఒకేలా ఉండదు. నీడలో పెరిగిన ముక్కకూ ఎండలో పెరిగినదానికీ, అంచున ఉన్న లేత భాగానికీ మధ్యలోని ముదురు భాగానికీ తేడా వస్తుంది. రెండు నమూనాల కొవ్వు ఆమ్లాల శాతాల్లో తేడా కనిపించగానే లైకెన్ తన లిపిడ్‌లను మార్చుకుంది అనేస్తే తొందరపడ్డట్టే. ఎవరూ ఏమీ మార్చుకోకుండా శైవలం వాటా ఒక్కటే పెరిగినా పట్టికలో అదే తేడా వస్తుంది.

కొన్ని లిపిడ్‌లకైతే పేరు చూసి యజమానిని చెప్పడం కుదరదు. అందుకు మంచి ఉదాహరణ డీజీటీఎస్ అనే బీటైన్ లిపిడ్. దీని తలభాగంలో ఫాస్ఫరస్ ఉండదు. కానీ ఆకారంలో, పనిలో ఫాస్ఫటిడిల్‌కోలిన్‌కు దీటుగా నిలబడుతుంది. క్లామిడోమోనాస్ అనే ఆకుపచ్చ శైవలంలో ఫాస్ఫటిడిల్‌కోలిన్ అసలు లేనే లేదు, ఆ స్థానంలో ఇదే ఉంది. లైకెన్లలో ఈ లిపిడ్ దొరికినప్పుడు శైవలానిదే అనుకోవడం తేలిక. కానీ న్యూరోస్పోరా అనే బూజు మీద 2014లో వచ్చిన పరిశోధన ఆ ధీమాను తగ్గించింది. ఫాస్ఫేట్ దొరక్కపోతే ఆ శిలీంధ్రమే ఫాస్ఫటిడిల్‌కోలిన్‌ను తీసేసి డీజీటీఎస్‌ను పెట్టుకుంటుందని తేలింది. లైకెన్లకు వేర్లు లేవు. వాన నీళ్లలో, గాలి దుమ్ములో వచ్చిన ఫాస్ఫరస్‌తో సరిపెట్టుకోవాలి. అలాంటి చోట ఫాస్ఫరస్ అక్కర్లేని త్వచం ఇద్దరికీ లాభమే. కాబట్టి లైకెన్‌లో డీజీటీఎస్ కనిపిస్తే అది శైవలం ఉనికిని చెబుతోందా, శిలీంధ్రం పేదరికాన్ని చెబుతోందా అన్నది పట్టిక ఒక్కటే చూసి తేల్చలేం.

నీలి ఆకుపచ్చ భాగస్వామి విషయంలో కథ మరో మలుపు తిరుగుతుంది. పెల్టిజెరా అనే లైకెన్ ప్రజాతిలో రెండు రకాల ఏర్పాట్లూ ఉన్నాయి. పెల్టిజెరా కనైనాలో శిలీంధ్రం, నాస్టాక్ ఇద్దరే. కార్బన్ ఇచ్చేదీ నత్రజని ఇచ్చేదీ నాస్టాకే. పెల్టిజెరా ఆఫ్తోసాలో ముగ్గురున్నారు. కాకోమిక్సా అనే ఆకుపచ్చ శైవలం పొరగా పరుచుకుని కార్బన్ పని చూసుకుంటుంది. పై ఉపరితలం మీద ముదురు రంగు మొటిమల్లాంటి సెఫలోడియాల్లో నాస్టాక్ ఉంటుంది, దాని ముఖ్యమైన పని నత్రజని స్థాపన. పని మారేసరికి నాస్టాక్ ఒళ్లే మారుతుంది. ఇద్దరే ఉన్న లైకెన్లలో నాస్టాక్ గొలుసులో నత్రజనిని స్థాపించే ప్రత్యేక కణాలు, అంటే హెటిరోసిస్ట్‌లు, వందకు ఓ ఐదు వరకు ఉంటే, సెఫలోడియాల్లో ఇరవై దాకా, కొన్నిట్లో అంతకు మించి కూడా ఉంటాయి.

దీనికి లిపిడ్‌లతో నేరుగా సంబంధం ఉంది. నత్రజనిని స్థాపించే నైట్రోజినేజ్ ఎంజైము ఆక్సిజన్ తగిలితే పాడైపోతుంది. అందుకే హెటిరోసిస్ట్ తన చుట్టూ పొడవైన కార్బన్ గొలుసులకు చక్కెర తగిలించిన గ్లైకోలిపిడ్‌లతో ఒక కవచం కట్టుకుంటుంది. ఆ పొర గుండా వాయువులు అంత తేలిగ్గా లోపలికి రాలేవు. ఈ గ్లైకోలిపిడ్‌లు ఇంకెవరూ చేయరు కాబట్టి, హెటిరోసిస్ట్‌ల వాటా నాలుగింతలైతే వాటి కవచపు లిపిడ్ కూడా ఆ మేరకు పెరగాలి. రెండు చోట్లా ఉన్నది నాస్టాకే. పక్కన ఆకుపచ్చ శైవలం చేరి కార్బన్ బాధ్యత తీసుకోవడంతో దాని లిపిడ్ ఖర్చు మారిపోయింది. భాగస్వామి ప్రభావం అంటే నా దృష్టిలో ఇది. ఎవరి లిపిడ్ ఏది అనే పట్టికతో ఇది అర్థం కాదు, ఎవరి పక్కన ఎవరున్నారో తెలియాలి.

ఇక అసలు మేత సంగతి. శిలీంధ్రం తన లిపిడ్‌లను తానే తయారు చేసుకున్నా, వాటిలోని కార్బన్ వచ్చేది మాత్రం భాగస్వామి నుంచే. ఏ రూపంలో వస్తుందో కనిపెట్టిన తీరు ముచ్చటగా ఉంటుంది. 1960ల్లో ఆక్స్‌ఫర్డ్‌లో డేవిడ్ స్మిత్, ఆయన సహచరులు పెల్టిజెరా ముక్కలకు రేడియోధార్మిక కార్బన్ ఇచ్చి, వాటిని మామూలు గ్లూకోజ్ దండిగా కలిపిన నీళ్లలో తేలేశారు. శిలీంధ్రం గ్లూకోజ్‌ను లాక్కునే దారులన్నీ ఆ మామూలు గ్లూకోజ్‌తోనే నిండిపోయాయి. దాంతో నాస్టాక్ వదిలిన రేడియోధార్మిక గ్లూకోజ్ లోపలికి వెళ్లే చోటు లేక నీళ్లలోకి కారిపోయింది. దొంగను పట్టుకోవడానికి గుమ్మం దగ్గర జనాన్ని నింపినట్టన్నమాట. నీళ్లను పరీక్షిస్తే చేతులు మారే చక్కెర ఏదో తెలిసిపోయింది. నాస్టాక్ ఇచ్చేది గ్లూకోజ్. ట్రెబౌక్సియా, కాకోమిక్సా లాంటి ఆకుపచ్చ శైవలాలు ఇచ్చేది రిబిటాల్ అనే చక్కెర ఆల్కహాల్. ట్రెంటెపోలియా అనే మరో ఆకుపచ్చ శైవలం అయితే ఎరిత్రిటాల్ ఇస్తుంది. శిలీంధ్రం ఏది అందుకున్నా దాన్ని మానిటాల్‌గా మార్చి దాచుకుంటుంది.

ఆ దాచుకున్నది విరిగి ఎసిటైల్ కోఎంజైమ్ ఎ, ఆపై మలోనైల్ కోఎంజైమ్ ఎ అనే చిన్న కార్బన్ ముక్కలు అయ్యాక శిలీంధ్రం ముందు రెండు దారులుంటాయి. ఒకటి కొవ్వు ఆమ్లాల దారి. రెండేసి కార్బన్‌లు అతికిస్తూ, అతికించిన ప్రతిసారీ ఆక్సిజన్‌ను పూర్తిగా తొలగిస్తూ పొడవైన నూనె గొలుసు కడుతుంది. రెండోది పాలికీటైడ్‌ల దారి. ఇక్కడా రెండేసి కార్బన్‌లే, దాదాపు అదే తరహా యంత్రాంగం. కాకపోతే ఆక్సిజన్‌ను తీసేయకుండా వదిలేసి, గొలుసును వలయాలుగా మడుస్తుంది. లైకెన్లకు ప్రత్యేకమైన అట్రనోరిన్, అస్నిక్ ఆమ్లం, గైరోఫోరిక్ ఆమ్లం లాంటివి ఇలా పుట్టినవే. ఐస్‌లాండ్ మాస్ అనే లైకెన్‌లో దొరికే ప్రోటోలైకెస్టెరినిక్ ఆమ్లం లాంటివి మాత్రం కొవ్వు ఆమ్లాలకు మరీ దగ్గర. పొడవాటి తోకతో చూడ్డానికే వాటి సంతానంలా ఉంటాయి.

రెండు దారులకూ ముడిసరుకు ఒకటే కాబట్టి ఒకటి మూసుకుంటే రెండోదాంట్లోకి ఎక్కువ పారుతుందా అనే ప్రశ్న సహజం. స్పెయిన్ పరిశోధకులు ఫిస్కోనియా డిస్టార్టా అనే లైకెన్ మీద 2003లో ప్రచురించిన పని ఇక్కడ తరచూ ప్రస్తావనకు వస్తుంది. లైకెన్ దేహంలో ఉండే ఫినాలిక్ పదార్థాలు, అంటే ఈ వలయాల పాలికీటైడ్‌లు, శిలీంధ్రాన్ని ఒంటరిగా పెంచినప్పుడు కనిపించలేదు. వాటికి బదులు ఓలియిక్, లినోలియిక్ లాంటి కొవ్వు ఆమ్లాలు, వాటితో చేసిన ట్రైగ్లిసరైడ్‌లు పోగయ్యాయి. శైవలం పక్కన ఉన్నప్పుడు వలయాలుగా మడిచిన కార్బన్‌నే, తోడు పోగానే నూనెగా దాచిందన్నమాట. మామూలుగా చూస్తే భాగస్వామి ప్రభావానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి అనిపిస్తుంది.

నాకు మాత్రం ఒక అడ్డు ప్రశ్న ఉంది. గాజు పళ్లెంలో పెరిగే శిలీంధ్రం ఒంటరిగా ఉందన్నది నిజమే. అయితే దాని ఒంటరితనంతో పాటు ఇంకా చాలా మారాయి. లైకెన్‌లో దానికి మేత కొద్దికొద్దిగా, తడిగా ఉన్నప్పుడు మాత్రమే అందేది. పళ్లెంలో పోషకాలు దండిగా, రోజంతా తడిగా దొరుకుతాయి. ఎండిపోవడం, తడవడం ఆగిపోయాయి. కడుపు నిండా తిండి, ఒంటికి పని లేకపోతే శిలీంధ్రమైనా నూనె పోగేసుకుంటుంది. కాబట్టి తేడాకు కారణం శైవలం లేకపోవడమా, తిండి మారడమా, తడి పొడి వంతులు పోవడమా అన్నది విడిగా చూడాలి. కొందరు ఆ దిశగా వెళ్లారు కూడా. క్లాడోనియా రాంజిఫెరినా అనే లైకెన్‌లోని శిలీంధ్రాన్ని శైవలాలు ఇచ్చే రకరకాల కార్బోహైడ్రేట్‌ల మీద పెంచి చూసిన 2016 నాటి అధ్యయనంలో, ఇచ్చిన చక్కెరను బట్టి దాని పాలికీటైడ్ తయారీ మారిందని తేలింది. అంటే శైవలం స్వయంగా అక్కడ లేకపోయినా, అది పంపే చక్కెర రకమే ఒక కబురులా పనిచేస్తోంది.

తడి పొడి సంగతికి విడిగా చోటివ్వాలి, ఎందుకంటే త్వచాల లిపిడ్‌లకు ప్రాణాంతకమైన పరీక్ష అదే. లైకెన్ పెళపెళలాడేంతగా ఎండిపోయి, మళ్లీ తడవగానే నిమిషాల్లో పని మొదలుపెట్టగలదు. కణంలో నీళ్లు పోతున్నకొద్దీ త్వచాలు ఒకదానికొకటి దగ్గరగా జరుగుతాయి. థైలకాయిడ్‌లలో ఎక్కువగా ఉండే మోనోగెలాక్టోసిల్ డయాసిల్‌గ్లిసరాల్‌కు తల చిన్నది, తోకలు వెడల్పు. ఇలాంటి శంకువు ఆకారపు అణువులు చదునైన పొరలో కుదురుగా ఉండలేవు. నీళ్లు తగ్గి రెండు త్వచాలు తాకగానే అవి కలిసిపోయేలా చేస్తాయి. అలా కలిసిపోతే కణం పని అయిపోయినట్టే. ఆస్టెరోక్లోరిస్ ఎరిసి అనే లైకెన్ శైవలాన్ని ఎండబెట్టి 2016లో పరిశీలించినప్పుడు, అది చేతులు ముడుచుకుని కూర్చోలేదని బయటపడింది. శంకువు ఆకారపు లిపిడ్‌లను చురుగ్గా విరగ్గొట్టింది. ఒకటికి మించి చక్కెరలను తలకెత్తుకున్న ఒలిగోగెలాక్టోలిపిడ్‌లను, ఫాస్ఫటిడిల్ ఇనాసిటాల్‌ను పోగేసుకుంది. పెద్ద తలలున్న ఈ అణువులు త్వచాల మధ్య ఎడాన్ని కాపాడతాయి. ఫాస్ఫటిడిక్ ఆమ్లం అనే మరో లిపిడ్ అయితే ఎండే క్రమంలో ఏడింతలైంది. ఎండబెట్టిన రాతిపువ్వును పొడిగా విశ్లేషించడానికీ, తడి ముక్కను విశ్లేషించడానికీ తేడా ఎందుకుంటుందో దీన్నిబట్టి ఊహించవచ్చు. నమూనా ప్రయోగశాలకు చేరేలోపే దాని లిపిడ్‌లు మారిపోయి ఉండొచ్చు.

ఈ తడి పొడి వంతుల సంఖ్యను కూడా భాగస్వామే నిర్ణయిస్తుందన్నది ఆసక్తికరమైన సంగతి. ఆకుపచ్చ శైవలమున్న లైకెన్లు గాలిలోని తేమ ఒక్కటే అందినా కిరణజన్య సంయోగక్రియను మళ్లీ మొదలుపెట్టగలవనీ, సయనోబ్యాక్టీరియా ఉన్నవాటికి మాత్రం నీటి చుక్కలు తగలాల్సిందేననీ ఒట్టో లాంగే బృందం 1986లో చూపించింది. తెల్లవారుజామున మంచు కురవకుండా గాలి మాత్రమే చెమ్మగా ఉంటే ఒకటి మేల్కొంటుంది, రెండోది నిద్రలోనే ఉంటుంది. మేల్కొన్న దానికి కాస్త సంపాదన దక్కుతుంది, దాంతో పాటే త్వచాలకు ఇంకో తడుపు, ఇంకో ఎండు. కొవ్వు ఆమ్లాల అసంతృప్తత, నిల్వ నూనె, ఎండడానికి చేసుకునే సన్నాహం, ఇవన్నీ ఈ వంతుల మీద ఆధారపడేవే. శైవలం ఒక్క లిపిడ్ అణువు కూడా శిలీంధ్రానికి ఇవ్వకుండానే, శిలీంధ్రం దినచర్యను మార్చి దాని లిపిడ్‌లను ప్రభావితం చేయగలదు.

ఇద్దరు ముగ్గురితో లెక్క ఆగదు కూడా. బ్రయోరియా లైకెన్ల పై పొరలో మరో శిలీంధ్ర వంశానికి చెందిన ఈస్ట్‌లు ఉన్నాయని 2016లో టోబీ స్ప్రిబిల్ బృందం ప్రకటించింది. రెండు బ్రయోరియా రకాల్లో ప్రధాన శిలీంధ్రం, శైవలం ఒకలాంటివే అయినా, పసుపు రంగు వల్పినిక్ ఆమ్లం ఎక్కువున్న రకంలో ఈ ఈస్ట్‌లు ఎక్కువగా కనిపించాయి. వల్పినిక్ ఆమ్లం లిపిడ్ కాదు. కానీ రసాయన తేడాకు కారణం మనం లెక్కలోకి తీసుకోని భాగస్వామి కావొచ్చన్న హెచ్చరిక లిపిడ్‌లకూ వర్తిస్తుంది. మధ్య ఆసియా లైకెన్లలో బ్రోమిన్ చేరిన కొవ్వు ఆమ్లాలు దొరికాయని 1999లో వచ్చిన నివేదిక లాంటివి చదివినప్పుడు, ఇది చేసింది శిలీంధ్రమా, శైవలమా అని మాత్రమే అడిగి ఊరుకోకూడదు. ఆ దేహంలో కాపురమున్న బ్యాక్టీరియాను కూడా వరసలో నిలబెట్టాలి.

మొదట వేసుకున్న రెండు ప్రశ్నలనూ విడదీయడానికి ప్రకృతే ఒక మంచి ఏర్పాటు చేసింది. స్టిక్టా, లొబేరియా, పెల్టిజెరా చుట్టాల్లో కొన్నిచోట్ల ఒకే శిలీంధ్రం ఆకుపచ్చ శైవలంతో కలిస్తే వెడల్పాటి రేకులా, సయనోబ్యాక్టీరియాతో కలిస్తే గుబురు పొదలా పెరుగుతుంది. రెండు రూపాలూ ఒకే దేహంగా అతుక్కుని ఉండటం కూడా చూశారు. శిలీంధ్రం ఒకటే, చెట్టు ఒకటే, వానా ఎండా ఒకటే. మారింది తోడు మాత్రమే. అలాంటి దేహంలో రెండు వైపులా కార్బన్-13 (మామూలు కార్బన్ కంటే కాస్త బరువైనది, అందుకే గుర్తుపట్టగలం) ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఇచ్చి, ఆ కార్బన్ రిబిటాల్ లేదా గ్లూకోజ్‌గా మొదలై ఎర్గోస్టెరాల్‌లోకి, శిలీంధ్రపు ఫాస్ఫటిడిల్‌కోలిన్‌లోకి, ట్రైగ్లిసరైడ్‌లలోకి ఎంత వేగంగా చేరుతుందో రెండు వైపులా పోల్చవచ్చు. ఎర్గోస్టెరాల్‌లో శైవలానికి భాగం దాదాపు లేనట్టే కాబట్టి, అక్కడ కనిపించే తేడా ప్రధానంగా శిలీంధ్రంలో వచ్చిన మార్పే. గెలాక్టోలిపిడ్‌లలో తేడా వస్తే అది తోడు మారినందువల్ల ఎలాగూ రావాల్సినది, దాన్ని ప్రభావం ఖాతాలో వేయక్కర్లేదు.